ఎవరూ కూర్చోని విమానం

గడియారం చేతిలో పట్టుకున్న మనిషి విమానం ఎక్కితే తుడిచే చేతులు బరువెక్కాలి. ఆ మనిషి వచ్చే ముందురోజు బట్టలు మార్చుకునే గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లూ బెంచీల మీద కూర్చుని ఆ మాట ఒప్పుకున్నారు. చెప్పింది పెద్దక్క. తలూపినవాళ్లలో రైలు కూడా ఉంది. తలూపి ఊరుకోలేదు. "నేనైతే మధ్యమధ్య ఆవలిస్తా చూడు పెద్దక్కా" అని అందరినీ నవ్వించింది.

రైలంటే మనిషే. విమానాల లోపల శుభ్రం చేసే పనిలో చేరి పదకొండేళ్లయింది. ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. సీట్ల వరుసల్లో ఒక కొసన మొదలుపెట్టిందంటే రెండో కొస దాకా ఆగదు కాబట్టి ఆ పేరు పెట్టారు. పెట్టిందీ పెద్దక్కే.

కంపెనీ కొత్త దారి తెరుస్తోంది. ఇక్కడ ఎగిరిన విమానం ఎక్కడా దిగకుండా పదహారు గంటలు పోయి ఇంకో ఖండంలో వాలుతుంది. ఊరంతా బోర్డులే. బోర్డుల మీద నవ్వే మొహాలే. అలాగే తిరిగొచ్చిన విమానం కడుపులో మూడువందల మంది పదహారు గంటల పాటు తిని, తాగి, పడుకుని, పిల్లలకు గుడ్డలు మార్చి వదిలిపోయినదంతా ఎవరు ఎత్తుతారన్నది ఏ బోర్డు మీదా లేదు. ఎత్తేది వీళ్లు. ఎంతసేపట్లో ఎత్తాలో తేల్చడానికి ఆఫీసు నుంచి ఒకాయన వస్తున్నాడు. రాకముందే గడియారం సారని పేరు పడిపోయింది.

పెద్దక్క లెక్క తేటగా ఉంది. "మామూలుగా చేస్తే వరుసకి నాలుగు నిమిషాలు. వాళ్ల ముందు ఐదు పట్టాలి. అప్పుడు బేరమాడి నాలుగు పెడతారు. మనం నాలుగులో చేసి చూపించామనుకో, మూడు పెడతారు. అది వాళ్ల తప్పు కాదు, గడియారం పట్టుకున్నవాడి బుద్ధే అంత."

మర్నాడు పొద్దున కొత్త విమానం ఎక్కారు. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది. సీట్ల మీద పల్చటి ప్లాస్టిక్ ఒలిచి రెండు రోజులు కూడా కాలేదు. లోపలంతా కొత్త చెప్పుల పెట్టె వాసన. నలభై ఎనిమిది వరుసలు, వరుసకి తొమ్మిది సీట్లు, మనిషికి ఆరు వరుసలు. గడియారం సారు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. వెనక మేస్త్రీ, ఆ వెనక కెమెరా పట్టుకున్న ఒక అమ్మాయి.

ముందు పొడుగు చేసింది. పొడుగంటే తల పైసామాను అరకి తగిలే మనిషి, రైలుకి పక్క వరుసల జోడీ. వరుసకి ఐదు నిమిషాల పది సెకన్లు. తర్వాత పెద్దక్క. చంటిపిల్ల మూతి తుడిచినట్టు ఒక్కో బల్ల తుడిచింది. ఐదు నిమిషాల ఇరవై. గడియారం సారు రాసుకున్నాడు. పెదవి చివర ఏదో నవ్వు. ఇలాంటి బరువు చేతులు ఆయన చాలా చూసినట్టున్నాడు.

"నీ పేరు రైలట కదమ్మా?" అన్నాడు.

"అంటారు సార్."

"గూడ్సా, ఎక్స్‌ప్రెస్సా?"

కెమెరా అమ్మాయి పకాలున నవ్వింది. మేస్త్రీ ఇంకా గట్టిగా నవ్వాడు. పొడుగు కూడా ఆపుకోలేక కిసుక్కుమంది. రైలు పెద్దక్క వైపు చూసింది. పెద్దక్క తన చేతిలో గుడ్డ వైపు చూసుకుంటోంది.

అంతే. అంత చిన్న మాట. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. ఒక మగవాడు గడియారం పట్టుకుని గూడ్సు బండివా అన్నాడు, ఈమెకి ఒళ్లు మండింది. ఎవరితో అంటున్నావో చూపిస్తా అనుకుంది.

కుడిచేతిలో గుడ్డ, ఎడమచేత్తో బెల్టు. బల్ల దింపడం, రెండు తుడుపులు, మోకాలితో ఎత్తి మూయడం. బెల్టులు కత్తెరలా వేయడం. దిండు మీద ఒక్క చరుపు. ముందు సీటు వీపునున్న జేబు మీద అరచేత్తో ఠపీమని కొట్టడం. ఖాళీ. పక్కది. ఠప్. ఖాళీ. ఆ చప్పుడు ఆమెకే తాళంలా ఎక్కింది. ఒంగిన నడుము ఆరు వరుసలయ్యే దాకా లేవలేదు. లేచేసరికి చెవుల్లో గుండె కొట్టుకుంటోంది, మొహం నిండా చెమట, ఎక్కడలేని గెలుపు.

"పదిహేను నిమిషాలు! వరుసకి రెండున్నర!" గడియారం సారు చప్పట్లు కొట్టాడు. "ఎక్స్‌ప్రెస్సే!"

మేస్త్రీ కూడా కొట్టాడు. కెమెరా అమ్మాయి ఒంటిచేత్తో తొడ మీద కొట్టుకుంది. రైలు నవ్వుతూ తిరిగి తనవాళ్ల వైపు చూసింది. ఏడుగురు ఆడవాళ్లు ఏడు గుడ్డలు మడుచుకుంటున్నారు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసేయాలో తెలియలేదు.

సాయంత్రం అందరూ బస్సెక్కారు. పెద్దక్క రోజూలాగే తన పక్క సీటులో సంచీ పెట్టి చోటు ఆపింది. రైలు ఎక్కగానే సంచీ ఒళ్లోకి తీసుకుంది. "కూర్చోవే, కాళ్లు లాగుతుంటాయి" అంది. ఒక్క చెంపదెబ్బ కొట్టినా ఆ చోటు కంటే నయంగా ఉండేది.

"పెద్దక్కా, అదీ... ఆయన అలా అనేసరికి..."

"విన్నాలే" అంది పెద్దక్క. కిటికీలోంచి చూస్తూ మోకాలు రాసుకుంది.

మర్నాడు కాంటీన్‌లో టీవీ పెట్టారు. అందులో రైలు. ఠప్, ఠప్, ఠప్. కింద అక్షరాలు: ఈమె చేయగలిగితే మీరూ చేయగలరు. అయిపోగానే మళ్లీ మొదలు. గోడమీద కాగితం అంటించారు. ఆరు వరుసలకి పదిహేను నిమిషాలు, మొదట్లో మూడు నిమిషాలు సడలింపు, ఆ లోపల చేయలేనివాళ్లని 'తేలిక పని'కి మారుస్తారు. తేలిక పనంటే కిందగదిలో, కిటికీ లేనిచోట, ఇయర్‌ఫోన్లు తుడిచి వైర్లు చుట్టడం. వారానికి మూడు రోజులే.

రైలు టీవీకి వీపు పెట్టి కూర్చుని తినబోయింది. చప్పుడు వీపుకి తగులుతూనే ఉంది. ఇవతల బల్ల దగ్గర ఎవరో "ఎక్స్‌ప్రెస్సు వచ్చింది, జరగండి జరగండి, కింద పడతారు" అన్నారు. నవ్వారు. ఆమె గిన్నె మూత పెట్టి లేచింది.

ఇంటికెళ్తే అక్కడా అదే. కంపెనీ ఆ వీడియోని అందరి ఫోన్లకీ వదిలింది. కూతురు అప్పటికే మేడమీద వాళ్లకీ, కింద కొట్టువాళ్లకీ చూపించి వచ్చింది. మొగుడు గుమ్మంలోనే, "ఏమోయ్, సినిమా తార! మాకు అన్నం పెడతావా, అది కూడా రెండున్నర నిమిషాల్లోనేనా?" అన్నాడు. మంచివాడే, మెచ్చుకోవడం ఆయనకి అలాగే వచ్చు.

కూతురు ఫోను మొహం ముందు పెట్టింది. "అమ్మా, చివర చూడు, పెద్దమ్మ కూడా ఉంది. వెనకాల. ఎందుకలా కిందకే చూస్తోంది?"

"గుడ్డ మడుస్తోంది."

"అందరూ ఒకేసారి మడుస్తున్నారేంటి?"

"తీసెయ్ అవతలికి!" అని అరిచింది రైలు. పిల్ల బిత్తరపోయింది. మొగుడు టీవీ శబ్దం తగ్గించి ఇటు చూశాడు. "తలనొప్పి" అని చెప్పి ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. మాట ఇచ్చి తప్పానని మొగుడికి చెప్పవచ్చు. ఎందుకు తప్పావంటే ఏం చెప్పాలి? గూడ్సన్నాడు, అందుకని?

మూడోరోజు పరీక్ష. అదే కొత్త విమానం, అవే ఖాళీ జేబులు. పొడుగు పదిహేడు నిమిషాల్లో గట్టెక్కింది. మిగతావాళ్లు పదిహేడు, పద్దెనిమిది. ఒక్కొక్కరు చివరి వరుసలో ఠప్ ఠప్‌మని కొట్టుకుంటూ వీడియోలో రైలులాగే చేశారు. పెద్దక్కకి ఇరవై ఏడు.

"ఇంకోసారి చూద్దాంలే" అన్నాడు మేస్త్రీ. చెడ్డవాడేం కాదు, పైవాడికి కింద, కిందివాడికి పైన నలిగే రకం. "రైలూ, ఇలా రా. ఆవిడకి ఒకసారి చూపించు, ఎలా చేస్తున్నావో."

రైలు కదల్లేదు.

"రావే" అంది పెద్దక్కే. "చూపించు."

పదకొండేళ్ల కింద ఇలాంటి సందులోనే పెద్దక్క ఈమె మణికట్టు పట్టుకుని జేబులోకి చెయ్యి పెట్టడం నేర్పింది. వేళ్లు దూర్చకూడదు. చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ల కణుపులతో జేబు నోరు తెరిచి, ముందు కంటితో చూడాలి. "ఎక్కేవాళ్లు చెడ్డవాళ్లు కాదే, నిద్రమత్తులో ఉంటారు. నిద్రమత్తులో వాడు బ్లేడు ఎక్కడ పెట్టాడో వాడికే తెలీదు" అని చెప్పింది. రైలు పదకొండేళ్లలో ఒక్కసారి కూడా చెయ్యి కోసుకోలేదు.

ఇప్పుడు ఈమె చూపిస్తోంది, ఆమె చూస్తోంది. వేళాకోళానికి కాదు, నిజంగానే చూస్తోంది. కళ్లు చిట్లించి, బడిలో పిల్లలా.

"బల్ల మూసేది కుడి మోకాలా, ఎడమదా?" అని అడిగింది.

"కుడిది... పెద్దక్కా."

"నాకు కుడిదే నొప్పి" అంది. ఎడమదానితో మూసి చూసింది. ఒంటికాలి మీద తూలి సీటు పట్టుకుంది. రెండోసారి ఇరవై ఆరు వచ్చింది. మేస్త్రీ కాగితం మీద ఏదో రాసి, ఆవిడ మొహం చూడకుండా చేతికిచ్చాడు. పెద్దక్క చదవలేదు. నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది. గుడ్డ మడిచినట్టే.

ఆ సాయంత్రం బస్సులో ఆ చోట సంచీ లేదు, మనిషీ లేదు. కిందగది వాళ్ల బస్సు వేరే.

ఆ కొత్త విమానం ఆ రాత్రే బాజాలతో, రిబ్బన్లతో అవతలి ఖండానికి వెళ్లిపోయింది. ఐదోరోజు మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చింది. గంటా పదినిమిషాల్లో మళ్లీ ఎగరాలి. తలుపు బయట పూలగుత్తులు, విలేకరులు. ప్రయాణికులు ఒకవైపు దిగుతుంటే వీళ్లు, పెద్దక్క చోటికి వచ్చిన కొత్తమనిషితో కలిసి, ఇంకోవైపు నుంచి ఎక్కారు. కెమెరా అమ్మాయి రైలు వెనకే వచ్చింది. "అక్కా, ఈరోజు అసలైన రికార్డు. నేను తీస్తుంటా, నువ్వు అలా వెళ్లిపో."

కొత్త చెప్పుల వాసన ఎక్కడికో పోయింది. లోపల చెమట, పాలు, పులిసిన రసం, మూత్రం కలిసిన వెచ్చటి ఆవిరి. ముప్పై ఒకటో వరుస నుంచి రైలుది. సీటు నిండా బిస్కట్ పొడి, ఇరుకులో ఒక చిన్న సాక్సు, బల్లకి నమిలి అంటించిన బంక, దుప్పటిలో చుట్టిపెట్టిన పిల్లాడి తడిగుడ్డ. నేల మీద కత్తిరించిన గోళ్లు. గీకాలి, ఏరాలి, సంచీలో వేయాలి, సంచీ మార్చాలి. మొదటి వరుస అయ్యేసరికి ఐదు నిమిషాలు. రెండోది మధ్యలో ఉండగానే ఎనిమిది. టీవీలో ఉన్న మనిషిని ఈమె అందుకోలేకపోతోంది. అసలు ఆ మనిషి ఎవరు? ఏ విమానం శుభ్రం చేసింది? ఎవరూ కూర్చోని సీట్లు తుడిచి, ఏమీ లేని జేబులు కొట్టి చప్పట్లు కొట్టించుకుంది.

వెనక ఠప్, ఠప్‌మని వినబడుతోంది. పొడుగు. ఠప్. ఠప్. తర్వాత చప్పుడు ఆగింది. "అమ్మా" అని చిన్నగా.

రైలు తిరిగి చూసింది. పొడుగు అరచెయ్యి నడుముకి అదుముకుని నిలబడింది. జేబులోంచి సూది మొన బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఎవరో షుగరు మనిషి ఇంజక్షన్ చేసుకుని, మూత పెట్టకుండా అక్కడ దోపాడు. పొడుగు గబగబా చేతికి కాగితం చుట్టుకుంటోంది.

"ఏదీ, చూపించు."

"ఏం లేదు. చెప్పకే. టైము పోతుంది."

"జేబు మీద అలా ఎందుకు కొట్టావే? చూసుకోవద్దా?"

పొడుగు ఆమె వైపు వింతగా చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. "వీడియోలో నువ్వు అలాగే కదా కొట్టావు?" అంది.

రైలు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. అందరి చేతుల్లోనూ తన చెయ్యి ఉంది. ఒక్కొక్కరి అరచెయ్యీ తను నేర్పిందే.

"మేస్త్రీ!" అని కేకేసింది. విమానం ఆ చివర నుంచి ఈ చివరదాకా వినబడింది. "మనిషికి సూది గుచ్చుకుంది. వాడి పడేసిన సూది."

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "అబ్బా, మెల్లగా. బయట విలేకరులున్నారు. కడుక్కోమను. అయ్యాక చూద్దాం."

"అయ్యాక కాదు. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పంపండి."

"ఆమె ఆరు వరుసలు ఎవరు చేస్తారే తల్లీ?"

"నేను చేస్తా. నా ఆరూ, ఆమె ఆరూ."

"ఆ, అదీ మాట. నీ పద్ధతిలో లాగించెయ్."

"నా పద్ధతిలో కాదు, పెద్దక్క పద్ధతిలో చేస్తా" అంది రైలు. "ఎంతసేపు పడితే అంతసేపు."

పొడుగుని మేస్త్రీయే వెంటబెట్టుకుని పోవాల్సి వచ్చింది. రైలు ముప్పై రెండో వరుసకి తిరిగి వెళ్లింది. చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ల కణుపులతో జేబు నోరు తెరిచి, ఒంగి లోపల చూసింది. తర్వాత చెయ్యి పెట్టింది. పక్క సీటు. మళ్లీ ఒంగి, మళ్లీ చూసి. నాలుగైదు వరుసల అవతల ఠప్ ఠప్‌లు ఒకటొకటిగా తగ్గాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కాసేపటికి విమానమంతా కాగితాలు, సంచీల గరగర తప్ప ఏ చప్పుడూ లేదు. కెమెరా అమ్మాయి అటూ ఇటూ చూసి, "ఇది కూడా తీయనా?" అని అడిగింది. అందరూ జేబుల్లోకి ఒంగి చూస్తూనే ఉన్నారు. ఆ పిల్ల కెమెరా దించలేదు, అది మాత్రం చెప్పుకోవాలి.

విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా ఎగిరింది. కొత్త దారిలో రెండో ప్రయాణానికే ఆలస్యం.

గడియారం సారు గదిలో కుర్చీ చూపించాడు. మంచినీళ్లు తెప్పించాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. ఆయన తిట్టే రకం కాదు.

"ఏమైందమ్మా? అంత బాగా చేసినదానివి."

రైలు నీళ్ల గ్లాసు వైపు చూసింది.

"పొద్దున ఒంట్లో బాగోలేదు, అవునా? పక్క మనిషికి దెబ్బ తగిలేసరికి కంగారు పడ్డావు. సహజం. ఆ ముక్క రాసి సంతకం పెట్టు. ఆలస్యానికి కారణం దొరుకుతుంది, నీ రికార్డు నీకుంటుంది. వచ్చే నెల కొత్తవాళ్లకి నేర్పే పనికి నీ పేరే అనుకుంటున్నాం." కాగితం, పెన్ను ఇటు జరిపాడు.

ఆమె పెన్ను తీసుకుంది. చదువు అంతంతమాత్రం, చేతిరాత పెద్దపెద్ద అక్షరాలు. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. తర్వాత కిటికీలోంచి చూశాడు. ఇంకోసారి గడియారం చూసుకున్నాడు. ఆమె తొందరపడలేదు. రాసి, చదువుకుని, ఒకచోట కొట్టేసి మళ్లీ రాసింది. కాగితం ఆయన వైపు తిప్పింది.

'ఒంట్లో బాగోలేనిది ఈరోజు కాదు. కొలిచిన రోజు. తొందరపడకూడదని అందరం అనుకుని, నేను మాట తప్పాను. పొగరుతో చేశాను. ఆ విమానంలో అంతకుముందు ఎవరూ కూర్చోలేదు. జేబుల్లో ఏమీ లేవు. మనుషులు కూర్చున్న విమానానికి పదిహేను నిమిషాలు నాకే చాలలేదు. ఆ వీడియో అబద్ధం. అందులో ఉన్నది నేనే.'

గడియారం సారు రెండుసార్లు చదివాడు. మొదటిసారి ఆయనకి మర్యాద తప్పింది. "ఇది నీకు మంచిది కాదు, తెలుసా?"

"తెలుసు సార్. ఇదే ముక్క డాక్టరు దగ్గర కూడా రాసిచ్చి వస్తున్నా. పొడుగు చీటీకి జత పెట్టమన్నా." అప్పటికి ఇంకా రాయలేదు. బయటికి వచ్చి రాసిచ్చింది.

మర్నాడు కాంటీన్ టీవీలో ఠప్ ఠప్ లేదు. మబ్బుల మీద విమానం, నవ్వే మొహాలు. గోడమీద ఒక్క లైను కాగితం: తిరిగి కొలిచే వరకు వరుసకు నాలుగు నిమిషాలు. ఎందుకో అందులో లేదు. కిందగదికి మార్చినవాళ్ల సంగతీ లేదు. కొత్తవాళ్లకి నేర్పే పనికి ఇంకెవరి పేరో వచ్చింది. రోగం అంటిందేమోనని పొడుగు రక్తం తీశారు, మూడు నెలలాగి మళ్లీ తీస్తారట. అప్పటిదాకా ఏమీ చెప్పలేమన్నారు. పొడుగు గిన్నె మూత తీస్తూ, "మూడు నెలలంట. వరుసకి ఎన్ని నిమిషాలు పడుతుందో లెక్కెయ్యి" అంది. బల్ల దగ్గర అందరూ నవ్వారు. రైలు నవ్వలేకపోయింది. నవ్వమని ఎవరూ అడగలేదు కూడా. కొంచెం జరిగి చోటిచ్చారు. అంతవరకే.

టీ విరామంలో ఆమె మెట్లు దిగి కిందగదికి వెళ్లింది. ట్యూబులైట్ల కింద పొడవాటి బల్ల, బల్ల మీద కుప్పలుగా ఇయర్‌ఫోన్లు, పాములగుట్టలా చిక్కుపడ్డ వైర్లు. ఐదుగురు కూర్చుని ఉన్నారు. పెద్దక్క కుడికాలు ఇంకో స్టూలు మీద చాపుకుని ఉంది. రైలుని చూసింది. కాలు దించలేదు. గడ్డంతో ఖాళీ స్టూలు చూపించింది.

రైలు కూర్చుంది. రాసిచ్చిన కాగితం గురించి చెప్పాలనుకుంది. చెప్తే మెప్పు అడిగినట్టుంటుంది. ఊరికే చేతులు పెట్టుకుని ఉండలేక కుప్పలోంచి ఒక ఇయర్‌ఫోను లాగింది. తుడిచింది, రెండు వేళ్ల మీద వైరు చుట్టింది, ముడేసి పెట్టెలో పడేసింది. ఇంకోటి. ఇంకోటి. నాలుగోది చుడుతుండగా బల్ల దగ్గర మిగతా చేతులు ఆగాయి.

"ఒసేయ్" అంది పెద్దక్క. "ఇక్కడ కూడా టైము పెట్టిస్తావా ఏంటి?"

బల్ల చుట్టూ నవ్వు లేచింది. పెద్దక్క కూడా నవ్వింది, కానీ కళ్లతో కాదు.

రైలు చేతిలో వైరు వైపు చూసుకుంది. చుట్టినదంతా విప్పింది. బల్ల మీద సాపుగా పరిచి, మొదటి నుంచి మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. ఒక్కో చుట్టుకీ ఆగి, పెద్దక్క చేతుల వైపు చూసి, ఆ చేతులు ఎంత మెల్లగా కదిలితే అంత మెల్లగా.